పంట కల్లము దాటిన పిమ్మట
ఆహార వ్యవసాయ వ్యాపార విద్యను గూర్చి యొక పాఠము



గడచిన సంక్రాంతికి ముందు, మిరప కోతలు మొదలైన దినములలో, మా పరిధిలోని యొక సహకార సంఘ సభ్యుడు మా కార్యాలయమునకు వచ్చి, చొక్కా జేబునుండి నాలుగు మడతలు వేసిన కాగితమును తీసి మా బల్లపై నుంచెను. అది ఇంగ్లండు దేశపు విశ్వవిద్యాలయ మొకటి ఆయన కుమార్తెకు పంపిన ప్రవేశ పత్రము. ఆ బాలిక వ్యవసాయ శాస్త్రమున పట్టము పొందినది. ఇప్పుడు చదువ గోరినది "అంతర్జాతీయ ఆహార, వ్యవసాయ వ్యాపార నిర్వహణ" యను విద్య.

"అయ్యా! ఈ చదువు పేరు పలుకుటకే నాకు నోరు తిరుగుట లేదు. మనకున్నది మూడెకరములు. ఒకటి అమ్మినచో అమ్మాయి చదువు సాగును. అమ్మవలెనా, వలదా? మీరు చెప్పినట్లు చేయుదును" అని ఆయన యడిగెను.

పైరునకు తెగులు సోకినదని యడిగినచో మేము వెంటనే బదులు చెప్పి యుందుము. ఈ ప్రశ్నకు మాయొద్ద బదులు లేకపోయెను. "ఒక మాసము గడువిండు" అని చెప్పి పంపితిమి. ఆ మాసములో ఆ విద్యయొక్క పాఠ్యక్రమములను తెప్పించి చదివితిమి. దానిని చదివి పనిచేయుచున్న వారిని కలిసికొని ప్రశ్నించితిమి. మాకు తెలిసినదానిని ఈ పాఠముగా మీ ముందుంచుచున్నాము. ఇట్టి ప్రశ్న రేపు మీ యింటను పుట్టవచ్చును.

1. ఈ విద్య యేమి?

మనము వ్యవసాయ మనగా దుక్కి మొదలు నూర్పిడి వఱకని తలంతుము. పంట కల్లము దాటి కాటా యెక్కినతోడనే మన పని తీరినదని చేతులు దులుపుకొందుము. కాని వినియోగదారుడు వెచ్చించు రూపాయిలో పెక్కు భాగములు కాటా దాటిన పిమ్మటనే పంచబడును: బస్తాల వ్యయము, బండి బాడుగ, శీతల గిడ్డంగి అద్దె, దళారి రుసుము, తొడిమ తీయు కూలి, పొడి కొట్టు యంత్రము, పరీక్షాశాల రుసుము, ఓడ కిరాయి, భీమా, సుంకము, అంగడివాని లాభము. ఈ దారి యంతటిని ఒక్కటిగా చూచి, ఏ మజిలీయందు ఎంత వ్యయమగునో, ఎంత నష్టమగునో, ఎవరి చేతిలో ఎంత అధికారమున్నదో నేర్పునదే ఈ విద్య.

ఈ దృష్టికి పేరు పెట్టినవారు అమెరికా దేశస్థులు. హార్వర్డు వ్యాపార విద్యాలయమునకు చెందిన జాన్ డేవిస్ అను నాయన 1955 లో "అగ్రిబిజినెస్" అను మాటను వాడుకలోనికి తెచ్చెను. ఆయనయు, రే గోల్డ్‌బర్గ్ అను నాయనయు కలిసి 1957 లో దీనిపై గ్రంథమును ప్రకటించిరి. ఎరువులు, విత్తనములు, పనిముట్లు అమ్మువారును, పొలములో పండించువారును, పండినదానిని నిలువచేసి, మార్చి, అమ్మువారును ఒక్క గొలుసులోని కడియములేయనియు, ఒక కడియమునకు కలిగిన యిబ్బంది తక్కిన వానికి ప్రాకుననియు వారు చెప్పిరి.

మన దేశమున 1961 లో స్థాపింపబడిన అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థ హార్వర్డు వారి సహకారముతో బోధన నారంభించెను. అచటి బోధనా పద్ధతి యొకటి మనము గమనింపదగినది. ఒక వ్యాపారమునకు నిజముగా వచ్చిన కష్టమును లెక్కలతో సహా వ్రాసి విద్యార్థుల చేతికిత్తురు. తరువాత ఏమి జరిగినదో ముందుగా చెప్పరు. "ఈ యధికారి స్థానమున నీవున్నచో ఏమి చేయుదువు? కారణమేమి?" అని యడుగుదురు. రైతునకు ఈ పద్ధతి క్రొత్త కాదు. వాన వచ్చునో రాదో తెలియకయే విత్తనము చల్లు ప్రతివాడును ప్రతి సంవత్సరము ఈ పరీక్షకు కూర్చుండుచునే యున్నాడు.

2. అందు నేర్పు సంగతులు

పాఠ్యక్రమమున పేళ్లు పెక్కులున్నను, సారమును ఐదు భాగములుగా చెప్పవచ్చును. మన కెఱుకయైన మిరపకాయనే ఉదాహరణముగా తీసికొందము.

మొదటిది, నాణ్యతయొక్క లెక్క. నూఱు కిలోల మిరపలో 14 శాతము తేమ యున్నదనుకొనుడు. అందు ఎండు పదార్థము 86 కిలోలు. దానిని 10 శాతము తేమ వచ్చువఱకు ఆరబెట్టినచో బరువు రమారమి 95.6 కిలోలగును. అనగా నాలుగున్నర కిలోల దాక పోయినట్లే. తేమ కాయను కిలో 150 రూపాయలకు అమ్మిన 15,000 రూపాయలు వచ్చును. ఆరిన కాయకును అదే ధర యిచ్చినచో 14,340 రూపాయలు మాత్రమే వచ్చును. కష్టపడి ఆరబెట్టినవానికి 660 రూపాయల నష్టము! ఆరిన కాయకు కిలో 157 రూపాయలు ఇచ్చిననే ఇద్దఱును సమానులగుదురు; ఆరబెట్టిన కూలియు, పట్టాల వ్యయమును ఇంకను వేఱు. "రైతులు సరిగా ఆరబెట్టరు" అని నిందించువారు ముందుగా ఈ లెక్క వేయవలెను. ధరలో భేదము చూపని బజారులో నాణ్యతను కోరుట న్యాయము కాదు.

రెండవది, పరదేశముల నియమములు. తేమ కాయపై ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగిన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. ఐరోపా సమాజము వారు ఎండుమిరపయందు అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములను, మొత్తము అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములను మించరాదని విధించిరి. ఐదు మైక్రోగ్రాములనగా ఎంత? వేయి టన్నుల మిరపకాయలో ఐదు గ్రాములు! కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ఒక్క కల్లములో బూజు పట్టిన కాయ కలిసినను, మచ్చు తీయునపుడు అదే చేతికి వచ్చినచో సరకంతయు నిలిచిపోవచ్చును. ఇట్టి నియమములకు ప్రపంచ దేశముల సమ్మతిని కూర్చుటకై ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థయు, ఆరోగ్య సంస్థయు కలిసి 1963 లో కోడెక్స్ సంఘమును ఏర్పఱచెను. అందు సుగంధ ద్రవ్యముల ఉపసంఘమునకు ఆతిథేయి మన దేశమే. నియమములు వ్రాయు చోట మనవారు కూర్చుండవలెనన్నచో, వానిని చదువగలవారు మనలో పుట్టవలెను గదా.

మూడవది, ఒప్పందములు, పత్రములు. పరదేశ వ్యాపారమున "ఎఫ్.ఓ.బి.", "సి.ఐ.ఎఫ్." అను మాటలు వినబడుచుండును. ఇవి ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుండి ప్రకటించుచున్న పరిభాషలోనివి. ఎఫ్.ఓ.బి. యన్నచో సరకు మన రేవులో ఓడ యెక్కువఱకు ఖర్చును, అపాయమును అమ్మకందారునివి. ఆ పిమ్మట కొనుగోలుదారునివి. సి.ఐ.ఎఫ్. యన్నచో ఓడ కిరాయియు, భీమాయు అమ్మకందారుడే చెల్లించును. అయినను అపాయ భారము మాత్రము సరకు మన రేవులో ఓడ యెక్కినపుడే కొనుగోలుదారునకు మాఱును. ఇది తెలియక "సరకు అక్కడికి చేరువఱకు సమస్తము మనదే" అని భయపడు అమ్మకందారులు కలరు. తెలిసి ఆ భయమును బేరమున వాడుకొను కొనుగోలుదారులును ఉండవచ్చును. అట్లే బ్యాంకు హామీ పత్రము, అనగా లెటర్ ఆఫ్ క్రెడిట్. బ్యాంకు చూచునది సరకును కాదు, పత్రములను. సరకు బంగారమువంటిదైనను, పత్రములలో సంచుల సంఖ్య ఒకచోట ఒకటియు, మఱియొకచోట మఱియొకటియు ఉన్నచో సొమ్ము నిలుచును.

నాలుగవది, ధరల నడక. ఈ యేడు ధర బాగున్నచో మఱుసటి యేడు అందఱును అదే పంట వేయుదురు. పంట పొంగి ధర పడును. పడినచో అందఱును మానుదురు. సరకు తగ్గి ధర పెరుగును. దీనిని ఆర్థిక శాస్త్రజ్ఞులు సాలెగూడు సిద్ధాంత మందురు. ఈ పేరును 1934 లో నికొలస్ కాల్డార్ అను నాయన పెట్టెను. 1938 లో మోర్డెకై ఎజీకియేల్ అను నాయన దీనిని విపులముగా వివరించెను. పటము గీచినపుడు గీతలు సాలెపురుగు గూడువలె తిరుగును గనుక ఆ పేరు. గూడులో చిక్కినది మాత్రము రైతు. నిరుటి ధరను చూచి విత్తు వేయక, గిడ్డంగులలోని నిలువలను, ఇతర ప్రాంతముల విస్తీర్ణమును చూచి వేయవలెనని ఈ విద్య చెప్పును. మారక ధరయు ఇట్టిదే. కిలో రెండు డాలర్ల వంతున పది టన్నులకు బేరము కుదిరినదనుకొనుడు. మొత్తము 20,000 డాలర్లు. డాలరు విలువ ఒక్క రూపాయి మాఱినచో 20,000 రూపాయల భేదము. ఇక సుంకముల మాట. 2025 ఆగస్టు మాసమున అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులనేకములపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు, ఆ తీర్పు వాషింగ్టనులో జరిగినను, దాని బాధ మన కోస్తా జిల్లాల రొయ్యల చెఱువుల గట్లపై తెలిసెను.

ఐదవది, సంస్థలను నడపు విధము. ఇది చదువునపుడు మాకు ఆశ్చర్యమును, సంతోషమును కలిగినవి. ఏలయనగా ఈ పాఠములలో సహకార సంఘములకు గొప్ప స్థానమున్నది. హాలెండు దేశమున ఆల్స్‌మీర్ అనుచోట పూలను ఏలము వేయుదురు. అచట ధర పైనుండి క్రిందికి దిగుచుండును. ఎవడు ముందుగా మీట నొక్కునో వానికి ఆ ధరకు సరకు దక్కును. ఆ ఏలపు సంస్థకు యజమానులు పూలు పండించు రైతులే. న్యూజీలాండు దేశపు పాల వ్యాపారమున పేరుగన్న ఫోంటెరా సంస్థ 2001 లో ఏర్పడినది. అదియు పాడి రైతుల సహకార సంస్థయే. పెద్ద వ్యాపారమనగా రైతు చేతికి అందనిదని మనమనుకొనుట పొరపాటు. అందనిది వ్యాపారము కాదు. దానిని నడపు నేర్పు.

3. మా పొరపాటొకటి

ఇచట మా లోపము నొకదానిని దాచక చెప్పవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందట మా సలహాపై పదునెనిమిదిమంది రైతులు కలిసి, మందుల వాడకమును తగ్గించి, మేలైన మిరపను పండించిరి. ఎగుమతి వర్తకుడొకడు మంచి ధర చెప్పెను. మేము విత్తనశుద్ధి మొదలు చివరి కోత వఱకు వారము వారము పొలములు తిరిగి చూచితిమి. కోత కాగానే మా పని ముగిసినదనుకొంటిమి. మచ్చు పరీక్షలో సరకు తప్పెను. వర్తకుడు బేరము విడిచెను. రైతులు ఆ కాయను స్థానికమైన ధరకే అమ్ముకొనిరి.

కారణమును వెదకగా, ఇద్దఱు ముగ్గురు పట్టాలు చాలక నేలపైననే ఆరబోసి, రాత్రి మంచులో కప్పకుండ విడిచిరని తేలెను. ఒక్కొక్కరి సరకును వేఱుగా గుర్తుపెట్టక అన్ని టిక్కీలను ఒక్క గుట్టగా వేసితిమి గనుక, మంచి కాయను వేఱుచేయుటకును వీలు లేకపోయెను. పరీక్షాశాల పత్రము మా చేతికి వచ్చినపుడు అందలి అంకెలను మేమే సరిగా చదువలేకపోతిమి. తప్పు రైతులది కాదు, మాది. పంట పండించుటను చూపితిమి గాని, పండినదానిని కాపాడుటను చూపలేదు.

మేము చదివిన మిషను పాఠశాలలో మా లెక్కల ఉపాధ్యాయుడు ఉత్తరము సరియైనను మార్కు లిచ్చువాడు కాడు. "వెనుకకు సరిచూచితివా?" అని అడుగువాడు. ఆ సంవత్సరము మేము వెనుకకు సరిచూడలేదు. ఆ పదునెనిమిదిమందిలో, ఇప్పుడు కాగితము పట్టుకొని వచ్చిన రైతును ఒకడు. అందువలన ఆయన ప్రశ్న మాకు ఋణము వలె తోచెను.

4. ఎచ్చట చదువవచ్చును?

ఈ విద్యకై సముద్రము దాటవలసిన అగత్యము అందఱకును లేదు. హైదరాబాదు రాజేంద్రనగరములో 1987 లో స్థాపింపబడిన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, దీనినే "మేనేజ్" అందురు, 1996 నుండి వ్యవసాయ వ్యాపార నిర్వహణలో రెండు సంవత్సరముల విద్యను నడపుచున్నది. అహమ్మదాబాదు సంస్థలో ఆహార, వ్యవసాయ వ్యాపారమునకు ప్రత్యేకమైన రెండేండ్ల విద్య యున్నది. ఈ రెంటికిని "క్యాట్" అను ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. గుజరాతులోని ఆనంద్ పట్టణమున 1979 లో గ్రామీణ నిర్వహణకై విద్యాలయము వెలసెను. పార్లమెంటు 2025 లో చేసిన చట్టము ననుసరించి అది సహకార విద్యకై ఏర్పడిన త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయమున భాగమైనది. సహకార సంఘములవారు ఈ పేరును గుర్తుంచుకొనవలెను.

ఇతర దేశములలో, ఇంగ్లండున సైరెన్సెస్టర్ పట్టణమందు 1845 లో వెలసి 2013 లో విశ్వవిద్యాలయమైన రాయల్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఈ విషయమున పేరుగన్నది. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయము, హాలెండులో వాగెనింగెన్ విశ్వవిద్యాలయము ప్రసిద్ధములు. ఇంగ్లండున ఉన్నత పట్టమునకు సాధారణముగా ఒక సంవత్సరము చాలును; అందు తుది మూడవ వంతు పరిశోధన వ్యాసమునకు పోవును. కాలము తక్కువ గనుక నేర్చుకొనువాడు సిద్ధపడి పోవలెను. అచటి పాఠములలో ఉదాహరణములు గోధుమకును, ద్రాక్షకును, వెన్నకును చెందియుండును. మిరప, పసుపు, మామిడి, రొయ్యల లెక్కలను విద్యార్థియే వెంట తీసికొనిపోవలెను. మన యార్డులో పట్టీ యెట్లు వ్రాయుదురో తెలియనివాడు లండను బజారును చదివి తెచ్చుకొనునది స్వల్పము.

వెలుపలికి పోయి చదివినవారు మనకు క్రొత్త కాదు. నిడుబ్రోలులో రైతు కుటుంబమున పుట్టిన ఆచార్య గోగినేని రంగనాయకులు ఆక్స్‌ఫర్డులో ఆర్థిక శాస్త్రము చదివి వచ్చి, తన యూరనే రైతులకై విద్యాలయమును పెట్టిరి. చదివిన చోటు గొప్పది కావచ్చును. ఆ చదువు తిరిగి వచ్చిన చోటు మాత్రము నిడుబ్రోలు.

5. ఎకరము లెక్క

ఇక ఆ తండ్రి యడిగిన ప్రశ్నకు వత్తము. రుసుములు విద్యాలయమునుబట్టి మాఱును గనుక, లెక్క కొఱకు సమస్త వ్యయమును 30 లక్షల రూపాయలని అనుకొందము. బ్యాంకునుండి 11 శాతము వడ్డీకి తెచ్చినచో ఏడాదికి వడ్డీయే 3,30,000 రూపాయలు. పదేండ్లలో సమాన వాయిదాలుగా తీర్చవలెనన్నచో నెలకు రమారమి 41,300 రూపాయలు కట్టవలెను. చదువుకాలపు వడ్డీ దానికి అదనము. పట్టము పొంది మన దేశమునకు వచ్చి పనిచేయువారికి తొలి జీతములో ఎంత భాగము దీనికి పోవునో, మిగిలినదానితో పట్టణమున బ్రదుకుట సాధ్యమో కాదో ముందుగా కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. "అక్కడనే ఉద్యోగము దొరకును" అను మాటను లెక్కలోనికి తీసికొనరాదు. వీసా నియమములు ఆయా ప్రభుత్వముల యిష్టమునుబట్టి మాఱుచుండును.

ఎకరము అమ్మినచో వడ్డీ లేదుగదా యని కొందఱందురు. అది సరికాదు. ఆ యెకరము ఏటేట ఇచ్చు కౌలుగాని, ఫలసాయముగాని పోవును, అదియు వడ్డీయే. అప్పు ఎంత పెద్దదైనను కట్టినకొలది తరుగును. అమ్మిన ఎకరము తిరిగి రాదు. పైగా ఇంటిలో మఱియొక సంతానమున్నచో వారి భాగమేమగునో కూడ తలంపవలెను. ఈ యింట ఇంటరు చదువు తమ్ముడొకడు కలడు.

ఇట్లని చదువు వలదని మేము చెప్పము. మూడు సంగతులను ముందుగా చేసికొనుమని చెప్పుదుము. మొదటిది, మన దేశమందలి విద్యాలయముల పరీక్షలు వ్రాయుట. రెండవది, విద్యార్థి వేతనములకు ప్రయత్నించుట. బ్రిటిష్ ప్రభుత్వమువారి చీవెనింగ్ వేతనము ఒక సంవత్సరపు ఉన్నత విద్యకు రుసుమును, భోజన వసతి వ్యయమును భరించును. దానికి రమారమి రెండు సంవత్సరముల పని అనుభవము ఉండవలెను. చదువు ముగిసిన పిమ్మట స్వదేశమున రెండు సంవత్సరములు ఉండవలెను. పోటీ మిక్కుటము, అయినను దరఖాస్తు పెట్టుటకు ఎకరము అమ్మనక్కఱలేదు. మూడవది, చదువునకు ముందు రెండు కోతకాలములైనను వ్యాపారపు పనిలో చేయి పెట్టుట. అనుభవము లేక చదివినవానికి పాఠము మాటగానే మిగులును. అనుభవముతో చదివినవానికి ప్రతి పాఠమును ఇంటి కష్టమునకు బదులుగా కనబడును.

6. సంఘముల కర్తవ్యము

ఇంతవఱకు తండ్రులతో మాటాడితిమి. ఇక సంఘముల పాలకవర్గములతో ఒక మాట. రైతుబిడ్డలు ఈ విద్య చదివి పట్టణములలో కొనుగోలు సంస్థలలో చేరుచున్నారని మనము చింతింతుము. వారికి జీతమిచ్చి కూర్చుండబెట్టు కుర్చీ మన సంఘములో ఉన్నదా? కుర్చీ వేయక "రాలేదు" అని నిందించుట ఏమి న్యాయము? కాటాకు ఆవలి ప్రక్కన చదివినవారు నలుగురుందురు. ఈవలి ప్రక్కన ఒక్కరైనను లేనిచో ముల్లు ఎటు మొగ్గునో చెప్పవలెనా?

ఆనంద్ కథను తలంచుడు. 1946 లో త్రిభువన్‌దాస్ పటేలు నాయకత్వమున ఖేడా జిల్లా పాడి రైతులు సంఘముగా ఏర్పడిరి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున ప్రభుత్వ వేతనముపై ఇంజనీరింగు చదివి వచ్చిన వర్గీస్ కురియన్ 1949 లో ఆనంద్‌నందలి ప్రభుత్వ క్షీరశాలకు ఉద్యోగిగా వచ్చెను. ఒప్పందమునుబట్టి వచ్చినవాడేగాని ఆ యూరిపై ప్రేమతో వచ్చినవాడు కాడు. ఆయనను నిలిపినది ఆ రైతుల సంఘము. యజమానులు రైతులు, నేర్పరియైన యుద్యోగి ఆయన. ఈ యేర్పాటునుండియే "అమూల్" అను పేరును, 1955 లో గేదెపాలను పొడిచేయు కర్మాగారమును వచ్చెను. చదువు ఒక్కటే ఆ పని చేయలేదు. సంఘము ఒక్కటే చేయలేదు.

మాసము గడచిన పిమ్మట మేము ఆ తండ్రిని, కుమార్తెను, సంఘాధ్యక్షుని ఒక్కచోట కూర్చుండబెట్టి పై లెక్కలన్నియు చదివి వినిపించితిమి. ఆ బాలిక నెమ్మదిగా, "ఎకరము అమ్మవలదని నేను మొదటనే చెప్పితినండి, నాన్నగారు వినలేదు" అనెను. తండ్రి తల వంచుకొని, "చదువు మానిపించితినని రేపు నన్ను తిట్టుకొనునేమోయని భయపడితిని" అనెను. ఇద్దఱును ఒకరికొకరు భయపడిరేగాని ఒకరితో నొకరు లెక్క చూచుకొనలేదు.

విశ్వవిద్యాలయమువారు ఆమె ప్రవేశమును ఒక యేడు వాయిదా వేయుటకు అంగీకరించిరి. సంఘ పాలకవర్గము ఆమెను రెండు కోతకాలములకు విక్రయ సహాయకురాలిగా నియమించెను. జీతము స్వల్పము. ఆమె చేసిన తొలి పని, తేమ కొలుచు పరికరము నొకదానిని కొనిపించి, సంఘపు గిడ్డంగి గోడపై రెండు ధరలను వ్రాయుట: ఆరిన కాయకు ఒకటి, తేమ కాయకు ఒకటి. ప్రతి టిక్కీకి రైతు పేరు, కల్లపు గుర్తు, తేదీ గల చీటీ కట్టించుట రెండవ పని. తొలి వారమున ఇద్దఱు మాత్రమే రెండు దినములు అధికముగా ఆరబెట్టి తెచ్చిరి. వారి పట్టీలను చూచిన పిమ్మట మూడవ వారమునకు గ్రామములో పట్టాలకు గిరాకి పుట్టెను.

రెండవ కోతకాలము ముగియకమునుపే ఆ వాయిదా తీరును. వేతనమునకు కావలసిన అనుభవము అప్పటికి నిండదు. ప్రవేశమునకు మరల దరఖాస్తు పెట్టుకొనవలసి రావచ్చును. ఆమెకు వేతనము వచ్చునో, హైదరాబాదుననే చదువునో చెప్పజాలము. ఎకరము మాత్రము ఎకరముగానే యున్నది. అందు ఈ యేడును మిరపయే వేసిరి.

7. అభ్యాసమునకు ప్రశ్నలు

సంఘపు నెలవారీ సమావేశమున ఈ క్రింది ప్రశ్నలను చర్చించి, ఉత్తరములను చిట్టాలో వ్రాసికొన వేడెదము.

(1) మీ గ్రామమున నిరుడు అమ్మిన ముఖ్య పంటకు, వినియోగదారుడు చెల్లించిన ధరలో రైతునకు చేరిన భాగమెంత? నడుమ నున్న మజిలీలెన్ని? వాని పేళ్లు వ్రాయుడు.

(2) నూఱు కిలోల సరకు 13 శాతము తేమనుండి 10 శాతమునకు ఆరినచో బరువెంత యగును? నష్టము లేకుండుటకు కిలోకు ధర ఎంత పెరుగవలెను?

(3) మీ సంఘమున సభ్యుల సరకును వేఱువేఱుగా గుర్తించు ఏర్పాటున్నదా? లేనిచో ఒకని తప్పునకు అందఱును నష్టపడకుండ ఏమి చేయుదురు?

(4) మీ సభ్యుల బిడ్డలలో వ్యవసాయము, వాణిజ్యము చదివినవారెందఱు? వారిలో ఒక్కరికైనను మీ సంఘము పని చూపగలదా? జీతమునకు సొమ్ము ఎట్లు వచ్చును?

రెండవ ప్రశ్నకు ఉత్తరము వచ్చిన పిమ్మట, వెనుకకు సరిచూచుకొనుడు.